పావు సైజు కబ్, 20 సీసీ పెట్రోల్ ఇంజన్: 16×8 ప్రాపా, 17×6 ప్రాపా?

పావు సైజు పైపర్ కబ్ (అసలు విమానంలో నాలుగో వంతుండే, రిమోట్‌తో ఎగిరే మోడల్ విమానం) కట్టారు, 20 సీసీ పెట్రోల్ ఇంజన్ పెట్టారు, మొత్తం బరువు ఐదున్నర కేజీలు వచ్చింది. షాపతను 16×8 ప్రొపెల్లర్ (మా భాషలో ప్రాప్) తీసుకోమన్నాడు, మీ ఫ్రెండ్ 17×6 అంటున్నాడు. ఏది కొనాలి, బిగించేటప్పుడు ఏం చూసుకోవాలి అని అడిగారు. మీది కాకినాడ అన్నారు, అది కూడా అవసరమైన విషయమే. ఎందుకో కింద చెప్తాను.

17×6 కొనండి. చెక్కదే కొనండి. ఒకటి కాదు, రెండు కొనండి.

నిజానికి ఆ రెండిట్లో ఏది పెట్టినా మీ కబ్ ఎగురుతుంది. నేను పన్నెండేళ్లుగా హైదరాబాద్‌లో పెట్రోల్ ఇంజన్లు తిప్పుతున్నాను. తప్పు నంబరు కొన్నందువల్ల పోయింది కొద్దో గొప్పో డబ్బు, అంతే. సరైన నంబరే కొని బిగించడం రాక పోగొట్టుకున్నదే ఎక్కువ. అందరూ నంబర్ల గురించి పది రోజులు వాదించుకుని, బిగింపు పది నిమిషాల్లో కానిచ్చేస్తారు. నేనూ అలాగే చేశాను.

ముందు నంబర్ల సంగతి. 17 అంటే ఈ కొస నుంచి ఆ కొసకు పొడవు, అంగుళాల్లో. 6 అంటే పిచ్: చెక్కలోకి స్క్రూ దిగినట్టు గాలిలోకి ప్రాప్ జారకుండా దిగితే, ఒక చుట్టుకు ఎన్ని అంగుళాలు ముందుకు పోతుందో ఆ లెక్క. ఘాట్ రోడ్డెక్కే బైకుకు రెండో గేరు లాంటిది చిన్న పిచ్, హైవే మీద టాప్ గేరు లాంటిది పెద్ద పిచ్. పిచ్‌ను ఆర్‌పీఎంతో (నిమిషానికి తిరిగే చుట్లతో) గుణించి 656తో భాగిస్తే గంటకు ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. 16×8 ప్రాప్ 7,600 ఆర్‌పీఎం దగ్గర 93 కిలోమీటర్ల దాకా లెక్క తేలుతుంది, 17×6 అయితే 70. మీ కబ్ హాయిగా తిరిగే వేగం యాభై, అరవై. పెద్ద రెక్క, బయటే కనిపించే కమ్మీలు, లావుపాటి చక్రాలు, వీటన్నిటితో అది 93 ఎలాగూ అందుకోదు. అందుకోలేని వేగం కోసం లాగే బలాన్ని ఎందుకు వదులుకోవాలి? నా కబ్ తోకకు లగేజీ తూచే స్కేలు కట్టి చూశాను. 16×8 కన్నా 17×6 దగ్గర దగ్గర అర కేజీ ఎక్కువ లాగింది. పైగా నేలకు దిగేటప్పుడు చిన్న పిచ్ బ్రేకులా పనిచేస్తుంది. 16×8తో అయితే ఐడిల్‌లో, అంటే ఇంజన్ బాగా తగ్గించి తిప్పుతున్నా కూడా కబ్ తేలుతూనే ఉంటుంది, రన్‌వే అయిపోతుంది. ఇదే ఇంజన్ సన్నటి రెక్క ఉన్న స్పోర్ట్ విమానం మీద ఉంటే మీ షాపతని మాటే కరెక్టు.

ఇంజన్ మాన్యువల్‌లో ఇచ్చిన జాబితా దాటకండి. ఉదాహరణకు డీఎల్ఈ-20 అనే 20 సీసీ ఇంజన్‌కి 14×10, 15×8, 16×6, 16×8, 17×6 అని ఇస్తారు. జాగ్రత్తగా చూస్తే అందులోనే కిటుకు కనిపిస్తుంది: పొడవు పెరిగేకొద్దీ పిచ్ తగ్గుతోంది. ఇంజన్ మీద పడే భారం అటూ ఇటూగా ఒకటే ఉండాలని అలా ఇస్తారు. పొడవూ పిచ్ రెండూ ఒకేసారి పెంచితే ఇంజన్ ముక్కుతూ మూలుగుతూ వేడెక్కుతుంది, రెండూ తగ్గిస్తే అరుస్తూ హద్దు దాటి తిరుగుతుంది. అసలు కబ్ ప్రొపెల్లర్ 72 అంగుళాలు ఉంటుంది, పావు సైజంటే 18 కదా అని అందం కోసం 18 పెట్టినవాళ్లను చూశాను. ఫొటోకు బాగుంటుంది. మొదటి ఇంజన్‌కు వద్దు.

చెక్కదే ఎందుకంటే, కబ్ లాంటి తోకచక్రం విమానం ఇవాళ కాకపోతే రేపు ముక్కు నేలకు కొట్టుకుంటుంది. చెక్క ప్రాప్ అయితే పుటుక్కున విరిగి క్రాంక్‌షాఫ్టును (ప్రాప్‌ను తిప్పే ఇంజన్ ఇరుసును) కాపాడుతుంది. కార్బన్ ఫైబర్‌ది అంత తేలిగ్గా విరగదు, ఆ దెబ్బంతా షాఫ్టుకు, బేరింగులకు పోతుంది. పైగా అది తేలిక. ప్రాప్ కొంచెం బరువుంటేనే ఫ్లైవీల్‌లా పనిచేసి ఐడిల్ నిలకడగా ఉంటుంది, చేత్తో తిప్పేటప్పుడు వెనక్కి తన్నడం కూడా తగ్గుతుంది. ఇంకోటి, ఎలక్ట్రిక్ మోటార్లకని అమ్మే పల్చటి ప్రాప్‌లు సైజు సరిపోయినా ముట్టుకోవద్దు. మోటారు నున్నగా తిరుగుతుంది. ఒంటి సిలిండర్ ఇంజన్ అలా కాదు, చుట్టు చుట్టుకూ ఒక సుత్తి దెబ్బ వేస్తుంది. పల్చటి ప్రాప్ రెక్క మొదలు దగ్గరే తెగి ఎగిరిపోగలదు.

ఇక అసలు కథ. 2014లో నా మొదటి 20 సీసీకి చెక్క 16×8 కొన్నాను. ప్రాప్ రంధ్రం 8 మిల్లీమీటర్లు, షాఫ్టు 10. ఇంట్లో హ్యాండ్ డ్రిల్ ఉంది కదా అని ప్రాప్‌ను స్టూలు మీద పెట్టి, కాలితో తొక్కిపట్టి, రంధ్రం పెద్దది చేసేశాను. చూడ్డానికి గుండ్రంగానే ఉంది. షాఫ్టులోకి సాఫీగా దూరింది కూడా. ఇంజన్ 4,000 దగ్గర బాగానే తిరిగేది. 6,000 దాటగానే తోక మీది నిలువు రెక్క మసగ్గా కనిపించేది, అంతగా అదిరేది. ట్యాంకులో పెట్రోలు గోలీసోడాలా నురగలు కట్టి, ఆ బుడగలు కార్బ్యురేటర్‌లోకి పోయి, విమానం గాల్లోకి లేవకముందే ఇంజన్ ఆగిపోయేది. నేను మూడు వారాలు కార్బ్యురేటర్ నీడిళ్లు (పెట్రోలు పాళ్లు సర్దే స్క్రూలు) తిప్పుతూ కూర్చున్నాను. ఈలోగా సైలెన్సర్ బోల్టు ఒకటి ఎక్కడో రాలిపోయింది.

మా ఫీల్డుకు ఎయిర్ ఫోర్స్‌లో రిటైరైన పెద్దాయన ఒకరు వచ్చేవారు. కుర్చీలోంచి లేవకుండానే, "బాబూ, నీడిల్ వదిలెయ్. ఆ ప్రాప్ ఊడదీసి, సగం చుట్టు తిప్పి మళ్లీ బిగించు" అన్నారు. బిగించి స్టార్ట్ చేస్తే అదురు తీరు మారింది. "చూశావా, ప్రాప్ తిప్పితే జబ్బు మారింది. అంటే జబ్బు ఇంజన్‌ది కాదు" అన్నారు. తర్వాత స్పార్క్ ప్లగ్గు తీసేసి, ప్రాప్ రెక్క కొస పక్కన ఒక అట్టపెట్టె పెట్టి, చేత్తో మెల్లిగా తిప్పి చూపించారు. ఒక కొస అట్ట అంచుకు ఆనుకుని పోతోంది, రెండోది నాలుగు మిల్లీమీటర్లు వెనగ్గా పోతోంది. నా రంధ్రం నడిమిలో లేదు, నిటారుగానూ లేదు.

కాబట్టి రంధ్రానికి మామూలు డ్రిల్ వద్దు. హాబీ షాపుల్లో ప్రాప్ రీమర్ అని దొరుకుతుంది, మెట్లు మెట్లుగా ఉంటుంది. చిన్న మెట్టు ఉన్న రంధ్రంలో కూర్చుని దారి చూపిస్తుంది, పై మెట్టు కొద్దికొద్దిగా గీకుతుంది. చేత్తోనే తిప్పాలి, సగం ముందు నుంచి, సగం వెనక నుంచి. షాఫ్టుకు బిగుతుగా, చేత్తో నొక్కితే దిగేట్టు ఉండాలి. గలగలలాడితే ఆ ప్రాప్ గోడకు తగిలించుకోవడానికే. రీమర్ దొరక్కపోతే మంచి లేత్ షాపుకు తీసుకెళ్లండి. నేను చాలాసార్లు బాలానగర్‌లో చేయించాను. ఐదు నిమిషాల పని, కానీ అతనికి "నడిమి నుంచి పోకూడదు" అని రెండుసార్లు చెప్పాలి. పెద్ద ఇంజన్లకు నాలుగు బోల్టులుంటాయి. వాటికి ఇంజన్ హబ్‌కు (ప్రాప్ ఆనే నడిమి భాగానికి) సరిపోయే డ్రిల్ గైడు పెట్టుకుని, నిలువు డ్రిల్ మిషన్ మీదే రంధ్రాలు వేయాలి.

తర్వాత బ్యాలెన్స్. అయస్కాంతాల మధ్య సన్నని కడ్డీ వేలాడే బ్యాలెన్సర్ ఒకటి కొనుక్కోండి, జీవితాంతం వస్తుంది. కడ్డీకి ప్రాప్ ఎక్కించి వదిలితే బరువు రెక్క మెల్లిగా కిందికి వాలుతుంది. దాని వెనక వైపు, కొసకు దగ్గరగా, 240 నంబరు ఎమరీ పేపరుతో నాలుగు రుద్దులు, మళ్లీ చూడటం, మళ్లీ నాలుగు రుద్దులు. ముందంచును మాత్రం ముట్టుకోకండి. తేడా చిన్నదైతే రుద్దే పనే లేదు, తేలిక రెక్క మీద ఒక పూత వార్నిష్ వేస్తే చాలు. అడ్డంగా నిలిచాక నిలువుగా పెట్టి చూడండి. అలా పెట్టినప్పుడు పక్కకు ఒరిగితే లోపం ప్రాప్ హబ్‌లో, అంటే దాని నడిమి దిమ్మలో ఉన్నట్టు. ఆ వాలిన వైపుకు ఎదుటి వైపున హబ్ పక్కకు కాస్త ఎపాక్సీ అద్దితే సర్దుకుంటుంది. రుద్దిన చోట చెక్క తెల్లగా బయటపడుతుంది, దానికి వార్నిష్ తప్పనిసరి, లేకపోతే పెట్రోలు, తేమ రెండూ తాగుతుంది. ఈ పనంతా ఫ్యాన్ ఆపి చేయాలి. మే నెలలో ఫ్యాన్ ఆపి కూర్చుంటే ఇంట్లోవాళ్లు ఏమంటారో నేను చెప్పక్కర్లేదు.

ఇప్పుడు బిగింపు. మొదట ఇగ్నిషన్ స్విచ్ ఆఫ్ చేయడమే కాదు, దాని బ్యాటరీ ప్లగ్గు కూడా పీకేయండి. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్‌కు మీరు స్టార్ట్ చేస్తున్నారో నట్టు బిగిస్తున్నారో తెలియదు. అయస్కాంతం సెన్సర్ ముందు నుంచి కదిలితే నిప్పురవ్వ వస్తుంది, సిలిండర్లో ఆవిరి మిగిలి ఉంటే అంటుకుంటుంది. నా కుడి బొటనవేలు గోరు రెండేళ్లు వంకరగా పెరిగింది అందుకే. అక్షరాలు రాసి ఉన్న వైపు, అంటే ఉబ్బెత్తు వైపు, ముందుకు ఉండాలి. నవ్వకండి, తిరగేసి బిగించి "ఇంజన్‌కు బలం లేదు" అని ఫోన్ చేసినవాళ్లు నాకు ఇద్దరు తెలుసు. కంప్రెషన్ తగలడం (తిప్పుతుంటే చేతికి బిగువుగా అనిపించడం) మొదలయ్యే చోట ప్రాప్ రెక్క మీ చేతికి వీలుగా ఉండేట్టు కూర్చోబెట్టండి. విమానం ఎదురుగా నిలబడి చూస్తే గడియారంలో రెండు, ఎనిమిది అంకెల దిక్కుగా పెట్టుకోవడం నాకు అలవాటు.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ప్రాప్‌ను తిప్పేది నట్టు కాదు, వెనకున్న లోహపు పళ్లేనికీ చెక్కకూ మధ్య రాపిడి. నట్టు చేసేది ఆ రెండిటినీ గట్టిగా అదిమి ఉంచడమే. అందుకే ఆ ముఖాల మీద ఆయిల్ ఉండకూడదు, ముందు వైపు పెద్ద వాషరు ఉండాలి. చెక్కేమో అణుగుతుంది. ఇవాళ గట్టిగా ఉన్న నట్టు ఒక్క రన్ తర్వాత పానా వేస్తే ఇంకో పావు చుట్టు బిగుస్తుంది. మీది కాకినాడ కాబట్టి సముద్రపు తేమకు చెక్క ఉబ్బి ఉంటుంది, అదే విమానాన్ని వేసవిలో ఇటు పొడి ఊళ్లకు తెస్తే చెక్క ముడుచుకుని బిగువు పోతుంది.

నాకు జరిగింది అదే. ఆగస్టు వానల్లో బిగించిన ప్రాప్‌ను మార్చిలో చూసుకోకుండా స్టార్ట్ చేశాను. ఇంజన్ ఒక్కసారి వెనక్కి తన్నింది. నట్టు, వాషరు, స్పిన్నరు (ప్రాప్ ముందుండే కోసు టోపీ), ప్రాప్ నాలుగూ కలిసి నా మోకాలి పక్క నుంచి వెళ్లి పక్క చేలో పడ్డాయి. స్పిన్నరు ఇప్పటికీ దొరకలేదు. హబ్ వెనక చూస్తే చెక్క నల్లగా కమిలి ఉంది. అంటే చాలాసేపటి నుంచి జారుతూనే ఉందన్నమాట. నట్టుకు గమ్ము వేస్తే సరిపోదా అంటారు. గమ్ము నట్టును తిరగనివ్వదు, నిజమే. కానీ చెక్క అణిగితే ఖాళీ వచ్చేస్తుంది, దానికి గమ్మేం చేస్తుంది? నేను మొదటి రన్ తర్వాత ఒకసారి, ఆ తర్వాత ఫీల్డుకు వెళ్లిన ప్రతిరోజూ మొదటి ఫ్లైట్‌కు ముందు ఒకసారి పానా వేస్తాను. నాలుగు బోల్టులైతే కారు చక్రానికి బిగించినట్టు ఎదురెదురుగా, కొద్దికొద్దిగా.

మొదటి రన్ రోజు తోకను గట్టిగా కట్టేయండి, ఫుల్ థ్రాటిల్‌లో దాదాపు విమానం బరువంత లాగుతుంది. మెడలో ట్రాన్స్‌మిటర్ పట్టీ వేలాడకూడదు. రెక్కలు తిరిగే వరసలో ఎవరినీ నిలబడనివ్వకండి, మీరు కూడా స్టార్ట్ కాగానే వెనక్కి వచ్చేయండి. ఆర్‌పీఎం మీటరు సరిగ్గా ఉందో లేదో చూడాలంటే, రెండు రెక్కల సెట్టింగులో పెట్టి పాత చోక్ ట్యూబ్‌లైటు వైపు చూపించండి, 3,000 చూపించాలి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఆ లైటు సెకనుకు వందసార్లు మినుకుతుంది, ఆ లెక్క. ఎల్‌ఈడీ ట్యూబుల దగ్గర ఈ పరీక్షను నమ్మకండి. ఒకటి గుర్తుంచుకోండి, పలచటి గాలిలో కూడా ఆర్‌పీఎం పెద్దగా మారదు, లాగుడే తగ్గుతుంది. హైదరాబాద్ 500 మీటర్లకు పైన ఉంది, మే మధ్యాహ్నం ఎండలో మాకు గాలి మీ చలికాలం గాలి కన్నా పదో వంతు పలచన. అందుకని ఇక్కడివాళ్లు చెప్పే టేకాఫ్ దూరాలు చూసి మీరు కంగారు పడక్కర్లేదు.

17×6తో నేల మీద ఫుల్ థ్రాటిల్ ఆర్‌పీఎం ఎంత వచ్చిందో, మొదటి రన్ తర్వాత పానా వేస్తే నట్టు ఎంత తిరిగిందో ఇక్కడ రాయండి. అసలు తిరగలేదు అంటే మాత్రం ముందు వాషరు చూడండి, అది షాఫ్టు మీది మెట్టుకు తగిలి చెక్క మీద ఆనట్లేదేమో.