ఫోటో చూసి గీస్తే బొమ్మ బిగుసుకుపోతోందా?

మీ కామిక్ (బొమ్మల కథ) పేజీ ఒకటి పెట్టి, ఫోటో పక్కన ఉంచుకుని ముడతలతో సహా గీస్తున్నా పాత్రలు మైనపు బొమ్మల్లా ఉంటున్నాయని, ప్యానెల్ (పేజీలోని ఒక్కో బొమ్మ గడి) మారితే అదే హీరో వేరే మనిషిలా కనిపిస్తున్నాడని అడిగారు. టెన్షన్ పడకండి, మీ చేతిలో లోపం లేదు. చిక్కంతా ఫోటోతోనే.

ముందు ఊహలోంచి చిన్న రఫ్ స్కెచ్ వేసి భంగిమ తేల్చుకోండి, తర్వాతే దానికి సరిపడా ఫోటో తీయండి. చాలామంది దీన్ని తలకిందులుగా చేస్తారు. కెమెరా కదలికను ఆపేస్తుంది కాబట్టి నడుము వంపు, భుజాల వాలు ఫోటోలో ఉన్నదానికంటే కాస్త పెంచే గీయాలి. అమెరికన్ కామిక్స్ చిత్రకారుడు అలెక్స్ రాస్ కూడా మోడళ్ల ఫోటోలు చూసే గ్వాష్ (నీటితో కలిపే చిక్కటి) రంగులతో వేస్తారు. అయినా ఆయన సూపర్‌మ్యాన్ ఏ ఫోటోకీ నకలులా అనిపించడు.

ముఖం మారిపోవడానికి కారణం చాలాసార్లు ఫోనే. దగ్గర నుంచి తీస్తే ముక్కు ఉబ్బి, చెవులు వెనక్కి పోతాయి. నాలుగడుగులు వెనక్కి జరిగి జూమ్ చేయండి. ఒక సీన్ మొత్తానికి వెలుగు ఒకే వైపు నుంచి పడాలి.

ఇక ముడతలు. కంటి కింద ప్రతి మడతా గీతగా పెడితే పాతికేళ్ల అమ్మాయి అరవై ఏళ్ల ముసలమ్మ అయిపోతుంది! కళ్లు చికిలించి ఫోటో చూడండి: అప్పటికీ కనిపించే నల్లటి నీడలకే ఇంకు వేయండి, మిగతాది కాగితం తెలుపుకే వదిలేయండి. మీరు పెట్టిన పేజీలోని మూడో ప్యానెల్‌లో దవడ కింద నీడ ఒక్కటి ఉంచి, బుగ్గ మీది గీతలన్నీ తీసేసి చూడండి.