అది వైరస్ కాదు, పక్క చేని కలుపు మందు. మీ మందు ఇళ్ల మీద పడుతోంది, ముందు అది చూడండి

ప్రశ్న: పత్తి వేసి 50 రోజులైంది. ఒక పక్క మొక్కలకు కొత్త ఆకులు సన్నగా, వేళ్లలా చీలిపోయి వస్తున్నాయి. వైరస్ అన్నారని దుకాణంలో ఇచ్చిన ప్రొఫెనోఫాస్, ఇమిడాక్లోప్రిడ్, ఇంకో టానిక్ కలిపి తైవాన్ పంపుతో రెండుసార్లు కొట్టాను. ప్రెషర్ పెంచి పొగలా కొడితే బాగా పడుతుందన్నారు. తగ్గలేదు. పైగా చేను పక్క ఇళ్లవాళ్లు కళ్లు మండుతున్నాయి, తలనొప్పి అని గొడవకు వస్తున్నారు. ఇంకేం మందు కొట్టాలి?

జవాబు: ఇంకేం కొట్టొద్దు. మీ పత్తికి వైరస్ లేదు. ఆకుముడత వైరస్ అయితే ఈనెలు లావెక్కి ఆకు పైకో కిందికో ముడుచుకుంటుంది, చేనులో తెల్లదోమ కనిపిస్తుంది, అక్కడక్కడా మొదలై పాకుతుంది. మీరు పంపిన ఫోటోలో ఆకు సాగిపోయి ఉంది, ఈనెలన్నీ పక్కపక్కనే నిలువుగా దిగాయి. అది 2,4-డి కలుపు మందు తగిలిన పత్తి. ఒక పక్కనే ఎక్కువ ఉందంటే ఆ పక్క చేనులో, మొక్కజొన్న లాంటి పంటలో, ఎవరో కొట్టారు. పత్తి ఈ మందుకు ఎంత సున్నితమంటే నేరుగా కొట్టక్కర్లేదు, గాలికి వచ్చింది చాలు. అందులో ఈస్టర్ రకమైతే ఎండ ఎక్కువున్న రోజు కొట్టిన తర్వాత కూడా ఆవిరై పక్క చేలకు పోతుంది. అమైన్, సోడియం సాల్ట్ రకాల్లో ఆ ఆవిరి చాలా తక్కువ. ఇది పక్క రైతుకు కూడా చెప్పండి. కలుపు మందు కొట్టిన పంపు మీ పత్తికి వాడారేమో అదీ గుర్తు చేసుకోండి, ఎందుకంటే ఎంత కడిగినా అడుగున, పైపులో మిగులుతుంది. కలుపు మందుకు వేరే పంపు ఉండాలి.

దీనికి విరుగుడు మందంటూ లేదు. వంకర తిరిగిన చివర్లు తుంచేసి, లీటరు నీటికి 20 గ్రాముల యూరియా కలిపి సాయంత్రం ఒకసారి, వారం తర్వాత ఇంకోసారి కొట్టండి. అది మొక్క కోలుకోవడానికే గానీ 2,4-డిని కడిగేయదు. తక్కువ తగిలితే రెండు మూడు వారాల్లో మామూలు ఆకులు వస్తాయి. పురుగు మందు సంగతంటారా, ఆకుకు పచ్చదోమ పిల్లలు 2, లేదా తెల్లదోమ 6 నుంచి 8 కనిపిస్తే తప్ప వద్దు. కనిపిస్తే ఫ్లోనికామిడ్ 50 శాతం ఎకరాకు 60 గ్రాములు, 200 లీటర్ల నీటిలో, ఒక్క మందే. మూడు కలిపి ఇచ్చేవాళ్లకు అమ్మకం జరుగుతుంది, మీకు ఖర్చు తప్ప ఏమీ మిగలదు.

ఇక అసలు విషయం. పక్క చేని మందు మీ పత్తిని ఎలా పాడుచేసిందో మీ మందు ఇళ్లలోకి అలాగే పోతోంది. ఇళ్లవాళ్లు గొడవ పడుతున్నారని రాశారు, వాళ్లు అబద్ధం చెప్పడం లేదు. పొగలా కొట్టమన్న సలహా అన్నిటికంటే ప్రమాదం. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 3 మీటర్ల ఎత్తు నుంచి 400 మైక్రాన్ల చుక్క సుమారు 2 సెకన్లలో కింద పడుతుంది, 100 మైక్రాన్లదానికి 10 సెకన్ల పైనే పడుతుంది, 20 మైక్రాన్లదానికి దాదాపు 4 నిమిషాలు. ఆ 4 నిమిషాల్లో గంటకు 5 కిలోమీటర్ల చిన్న గాలికే అది 300 మీటర్లు దాటుతుంది. పొగలా కొట్టడమంటే మీ డబ్బుతో కొన్న మందును ఊరివాళ్ల ఊపిరితిత్తుల్లోకి పంపడమే. పిల్లలు బరువును బట్టి చూస్తే పెద్దల కంటే ఎక్కువ గాలి పీలుస్తారు, కాబట్టి వాళ్లకు ఇంకా ఎక్కువ చేరుతుంది. కేరళలోని కాసరగోడ్‌లో జీడిమామిడి తోటల మీద హెలికాప్టర్లతో 2000 సంవత్సరం వరకు ఎండోసల్ఫాన్ అనే పురుగు మందు కొట్టారు. బాధపడింది తోటల చుట్టూ ఉన్న జనం. 2011లో సుప్రీంకోర్టు ఆ మందును ఆపించింది.

మీరు కొట్టిన ప్రొఫెనోఫాస్ ఆర్గానోఫాస్ఫరస్ మందు, అంటే నరాల మీద పనిచేసే రకం. ఇళ్లలో ఎవరికైనా చెమటలు, నోట్లో నీళ్లూరడం, వాంతులు, కంటిపాప సూదిమొనంత చిన్నదవడం, ఊపిరి ఆడకపోవడం కనిపిస్తే గాలి ఆడే చోటికి తీసుకెళ్లి, బట్టలు మార్చి, సబ్బుతో కడిగి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మందు డబ్బా కూడా తీసుకెళ్లండి, ఏ మందో తెలిస్తేనే డాక్టరు సరిగ్గా వైద్యం చేయగలరు.

ఎప్పుడు కొట్టాలి? గాలి ముఖానికి తగిలీ తగలకుండా ఉండి, ఇళ్ల వైపు నుంచి చేను వైపు వీచేటప్పుడు. అసలు గాలే లేదంటే మంచిదని చాలామంది అనుకుంటారు, తప్పు. తెల్లవారుజామున, పొద్దు వాలాక నేల దగ్గర చల్లగాలి నిలిచిపోయి పైకి లేవదు, మందు పలచని పొరలా అలాగే జరుగుతూ పోతుంది. గట్టు మీద గుప్పెడు ఎండుగడ్డి కాల్చి చూడండి. పొగ పైకి లేస్తూ చెదిరితే సరే, నేల మట్టానే పడక వేసినట్టు పోతుంటే ఆ పూట మానేయండి. కొమ్మలు ఊగుతున్నా మానేయండి. ప్రెషర్ 3 బార్ దాటించొద్దు, అరిగిన నాజిల్ మార్చండి, నాజిల్ మొక్క చివరికి అర మీటరు కంటే పైకి ఎత్తొద్దు. కొడుతుండగా గాలి ఇళ్ల వైపు తిరిగితే వెంటనే ఆపేయండి. వచ్చే ఏడు ఆ పక్క మూడు నాలుగు సాళ్లు జొన్న వేయండి, గాలిలో వచ్చే చుక్కల్లో కొంత అదే ఆపుతుంది. కొట్టే ముందు రోజే ఇళ్లకు చెప్పండి, బట్టలు తీసుకుంటారు, నీళ్ల కుండలు, పశువుల మేత కప్పుకుంటారు, కిటికీలు వేసుకుంటారు.

నీళ్లు తగిలితే నీలంగా మారే పసుపు కాగితాలు దొరుకుతాయి, వాటిలో రెండిటిని ఇళ్ల గోడకు కట్టి ఒక్కసారి మీ పంపులో ఉత్త నీళ్లు పోసి మామూలుగా కొట్టండి. అక్కడ నీలం చుక్కలు పడితే మందు కూడా అక్కడికి చేరుతోందని అర్థం. ఆ కాగితాల ఫోటోతో పాటు పక్క చేనులో వాడిన కలుపు మందు డబ్బా లేబుల్, మీ నాజిల్ ఫోటో పంపండి, నాజిల్ ఏది మార్చాలో చెప్తాను.