టైసనా, హోలీఫీల్డా? నీ వ్యాసం చదివాక

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. చెయ్యి బాగానే తిరుగుతోంది, ఆ విషయంలో దిగులు లేదు. గొడవంతా తీర్పు దగ్గరే. బాక్సర్లు మైక్ టైసన్, ఇవాండర్ హోలీఫీల్డ్‌లలో ఎవరు గొప్ప అన్న ప్రశ్న నెత్తికెత్తుకుని, అన్ని పేజీలు నడిపి, చివరికి ‘ఎవరి గొప్ప వాళ్లది’ అని చేతులు దులుపుకున్నావు. అంతదూరం నీ వెంట వచ్చినవాడు నువ్వు ఏదో ఒకటి తేల్చి చెబుతావనే వచ్చాడు. తేల్చు. నచ్చనివాళ్లు తిడతారు, తిట్టనీ.

ముందు ఆ రికార్డుల పట్టిక సంగతి. టైసన్‌కి 50 గెలుపులు, 7 ఓటములు. హోలీఫీల్డ్‌కి 44 గెలుపులు, 10 ఓటములు, 2 డ్రాలు. అంకెలు సరైనవే. కానీ వాటిని పక్కపక్కన పెట్టగానే, నువ్వు ఒక్క వాక్యం రాయకముందే, పాఠకుడు టైసన్ వైపు మొగ్గిపోతాడు. ఆ పది ఓటములు విప్పి చూశావా? అందులో అయిదు నలభై ఏళ్లు దాటాక వచ్చినవి. క్రిస్ బర్డ్, జేమ్స్ టోనీ, లారీ డొనాల్డ్, సుల్తాన్ ఇబ్రగిమోవ్, నికొలాయ్ వాల్యుయెవ్. 2004లో డొనాల్డ్ చేతిలో ఓడాక న్యూయార్క్ అధికారులు హోలీఫీల్డ్ లైసెన్సు సస్పెండ్ చేశారు. అయినా మనిషి ఆగలేదు, 2011 దాకా బరిలో దిగుతూనే ఉన్నాడు. మానేయాల్సిన వేళ మానేయకపోవడం కూడా ఆయన కథలో భాగమే, దాన్ని దాచకు. అయితే 46 ఏళ్లకు వచ్చిన ఓటమినీ 30 ఏళ్లకు వచ్చిన ఓటమినీ ఒకే గడిలో రాయకు. టైసన్‌కైనా ఇదే న్యాయం. డానీ విలియమ్స్, కెవిన్ మెక్‌బ్రైడ్, 2024లో 58 ఏళ్ల వయసులో జేక్ పాల్... ఈ మూడు ఓటములతో టైసన్ గొప్పతనానికి లేనిపోని తరుగు వేయక్కర్లేదు. పట్టిక తీసేయ్. ఎవరి చేతిలో, ఏ వయసులో అన్నది వాక్యాల్లోనే చెప్పు.

టైసన్ గురించి నువ్వు రాసిన భాగం ఆవేశంగా ఉంది గానీ సాక్ష్యం తక్కువ. ‘భయంకరుడు’, ‘మృగం’, ‘ఉక్కు పిడికిలి’ అంటూ పోయావు. వాటి బదులు ఇవి రాయి: మొదటి 19 బౌట్లూ నాకౌట్‌లే, అందులో 12 తొలి రౌండులోనే. 1986 నవంబరులో ట్రెవర్ బెర్బిక్‌ని రెండో రౌండులో పడగొట్టి, 20 ఏళ్ల 4 నెలల వయసులో హెవీవెయిట్ (అన్నిటికంటే పై బరువు తరగతి) ఛాంపియన్ అయ్యాడు. అంత చిన్న వయసులో ఆ బెల్టు కట్టినవాడు ఇప్పటికీ ఇంకొకడు లేడు. 1988లో లారీ హోమ్స్‌ని నాలుగో రౌండులో ఆపాడు. హోమ్స్ తన కెరీర్‌లో 75 బౌట్లు ఆడాడు, ఆయన్ని అలా మధ్యలో ఆపగలిగింది టైసన్ ఒక్కడే. అదే ఏడాది జూన్‌లో, అప్పటిదాకా ఓటమి ఎరగని మైకేల్ స్పింక్స్‌ని 91 సెకన్లలో ముగించాడు. ఆ బౌట్ ఒకసారి చూడు. స్పింక్స్ గంట మోగకముందే భయపడ్డాడని అందరూ చెబుతారు, నువ్వూ అదే రాశావు. నువ్వు టైసన్ తల చూడు, భుజాలు చూడు. ఒక్కచోట నిలవవు. తల పక్కకి జరిగిన ప్రతిసారీ కాళ్లు ముందుకొస్తాయి, పంచ్ అక్కణ్ణుంచే పుడుతుంది. అది గురువు కస్ డమాటో నేర్పిన విద్య. కోపంతో వచ్చేది కాదు, ఏళ్ల తరబడి జిమ్‌లో తాళ్ల కింద వంగి వంగి నేర్చుకునేది. టైసన్‌ని మృగం అన్న ప్రతిసారీ ఆ నేర్పుని కొట్టేస్తున్నావు. నా లెక్కలో అది పొగడ్త కాదు.

స్పింక్స్ తర్వాత ట్రైనర్ కెవిన్ రూనీని టైసన్ తీసేశాడు. తల కదలిక తగ్గింది, ఒక్కో పంచ్ విడివిడిగా రావడం మొదలైంది. 1990 ఫిబ్రవరిలో టోక్యోలో బస్టర్ డగ్లస్ చేతిలో పదో రౌండులో పడిపోయే సరికి లోకం నివ్వెరపోయింది. డగ్లస్ గెలుపు మీద పందెం రేటు 42కి 1, అంటే రూపాయి కాస్తే 42 వచ్చేంత. నువ్వు ఆ అంకె మాత్రం రాసి వదిలేశావు. ఆ రాత్రి టైసన్ కార్నర్‌లో, అంటే రౌండ్ల మధ్య ఆయన మనుషులు చూసుకునే మూలలో, వాపు అణచడానికి వాడే చల్లటి లోహపు ముక్క కూడా లేదు. రబ్బరు గ్లోవులో ఐసు నీళ్లు పోసి కంటికి అద్దారు. కింద ఏం జరుగుతోందో, శిబిరం ఎంత పాడైపోయిందో ఆ ఒక్క గ్లోవు చెబుతుంది. ఇలాంటిది దొరికినప్పుడు దాని పక్కన విశేషణం పెట్టకు.

ఆ డగ్లస్‌నే ఎనిమిది నెలల తర్వాత హోలీఫీల్డ్ మూడో రౌండులో నాకౌట్ చేశాడు. డగ్లస్ దూరం నుంచి కుడి అప్పర్‌కట్ (కింది నుంచి పైకి కొట్టే పంచ్) విసిరాడు, హోలీఫీల్డ్ ఒక్క అడుగు వెనక్కి వేసి కుడిచేయి దించాడు, అయిపోయింది. దీన్ని పట్టుకుని నువ్వు ‘టైసన్‌ని ఓడించినవాణ్ణి ఓడించాడు కాబట్టి...’ అని లెక్క కట్టావు. బాక్సింగ్‌లో ఆ లెక్క చెల్లదు. టోక్యోలో దిగిన డగ్లస్ బరువు 231 పౌండ్లు చిల్లర, హోలీఫీల్డ్ ఎదుటికి వచ్చినప్పుడు 246. పేరు ఒకటే, మనిషి వేరు.

ఇక నీ వ్యాసంలో ‘ఒకవేళ’లు. డమాటో 1985లో చనిపోకపోతే, రూనీ ఉండి ఉంటే, 1991లో అనుకున్న టైసన్-హోలీఫీల్డ్ బౌట్ అప్పుడే జరిగి ఉంటే... అత్తకి మీసాలుంటే మామ అనొచ్చు. 1991 నవంబరు బౌట్ టైసన్ పక్కటెముక గాయంతో వాయిదా పడింది, తర్వాత జరగలేదు. జరగని బౌట్‌లో గెలిచినవాడు లేడు. ఆ ఊహలు కబుర్లకి బాగుంటాయి, నేనూ చెప్పుకుంటాను. తీర్పు రాసేటప్పుడు మాత్రం వాటిని తూకంలో వేయకు.

ఇదే పేరాలో ఇంకో మాట ఉంది, అది నాకు కోపం తెప్పించింది. టైసన్ ‘దురదృష్టవశాత్తూ మూడేళ్లు ఆటకు దూరమయ్యాడు’ అని రాశావు. దురదృష్టం ఎవరిది? 1992 ఫిబ్రవరిలో ఇండియానాపొలిస్‌లో జ్యూరీ ఆయన్ని రేప్ కేసులో దోషి అని తేల్చింది. ఆరేళ్ల శిక్ష పడింది, 1995 మార్చిలో బయటికొచ్చాడు. తాను చేయలేదని ఆయన అంటూనే వచ్చాడు, అదీ రాయి. కానీ తీర్పు తీర్పే. దాన్ని వర్షం పడి మ్యాచ్ ఆగినట్టు చెప్పకు. కోల్పోయిన ఏళ్లను లెక్కలో కలిపి టైసన్‌కి సానుభూతి మార్కులు వేసేవాళ్లు చాలామంది ఉన్నారు. నువ్వు ఆ గుంపులో చేరొద్దు.

హోలీఫీల్డ్ దగ్గర నువ్వు తొందరపడ్డావు. ‘కష్టజీవి’ అని ఒక్క మాటతో సరిపెట్టేశావు. ఆయన మొదట హెవీవెయిట్ కాదు. 1986లో తన పన్నెండో ప్రొఫెషనల్ బౌట్‌లోనే డ్వైట్ ముహమ్మద్ కావీతో 15 రౌండ్లు కొట్లాడి, హెవీవెయిట్‌కి కింది తరగతి అయిన క్రూయిజర్‌వెయిట్‌లో టైటిల్ గెలిచాడు. 1988 కల్లా ఆ తరగతిలో మూడు సంస్థల బెల్టులూ ఆయనవే. తర్వాత కండ పెంచి పై తరగతికి వచ్చి, అక్కడా తిరుగులేని ఛాంపియన్ అయ్యాడు. 1992లో రిడిక్ బోతో తలపడినప్పుడు ఆయన బరువు 205, బోది 235. ముప్ఫై పౌండ్ల తేడా. పదో రౌండు ఒక్కటీ చూడు. బో అప్పర్‌కట్‌తో హోలీఫీల్డ్ తూలిపోతాడు, తాళ్ల పక్కన దెబ్బ మీద దెబ్బ తింటాడు, రెఫరీ ఎందుకు ఆపడంలేదని మనకే అనిపిస్తుంది. అదే రౌండు ముగిసేసరికి వెనక్కి తగ్గుతున్నవాడు బో. హోలీఫీల్డ్ ఆ బౌట్ ఓడాడు. పదకొండో రౌండులో కింద పడ్డాడు కూడా. అయినా ఆయన వారసత్వం గురించి రాసేటప్పుడు ఆ ఓటమి కొన్ని గెలుపుల కంటే బరువైనది. ఓటమిని ఎలా రాయాలో నేర్చుకోవాలంటే ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు. మరుసటి ఏడాది అదే బోని ఓడించి బెల్టు తిరిగి తెచ్చుకున్నాడు.

‘నాలుగుసార్లు హెవీవెయిట్ ఛాంపియన్’ అని నువ్వు గొప్పగా రాసిన చోట కాస్త ఆగు. నాలుగుసార్లు గెలవాలంటే మూడుసార్లు పోగొట్టుకోవాలి కదా. పైగా నాలుగోది, 2000లో జాన్ రూయిజ్ మీద గెలిచింది, ఖాళీగా ఉన్న ఒక్క బెల్టు. 1990లో డగ్లస్ దగ్గర గెలిచిన దానితో అది సమానం కాదు.

అసలు సాక్ష్యం 1996 నవంబరు 9, లాస్ వేగాస్. నీ వ్యాసంలో ఈ బౌట్‌కి నాలుగు లైన్లు, చెవి కొరికిన బౌట్‌కి పేజీన్నర. తిరగేసి రాయి. మొదట్లో పందెం రేటు హోలీఫీల్డ్ మీద 25కి 1 పలికింది. అంతకుముందు ఏడాది బో చేతిలో మూడో బౌట్‌లో నాకౌట్ అయ్యాడు. 1994లో గుండె జబ్బు అన్నారు, తర్వాత ఏమీ లేదన్నారు. పనైపోయిన మనిషని అందరూ అనుకున్నారు. తొలి క్షణాల్లోనే టైసన్ కుడిచేతి దెబ్బ పడింది, హోలీఫీల్డ్ వెనక్కి వెళ్లాడు. చాలామంది ప్రత్యర్థులకి కథ అక్కడే ముగిసేది. హోలీఫీల్డ్ వెంటనే టైసన్ చేతుల్ని పట్టేసి, ఒంటి బలంతో వెనక్కి నెట్టాడు. టైసన్‌ని ఎవరైనా వెనక్కి నడిపించడం చూడు, ఆ బౌట్‌కి తాళంచెవి అదే. టైసన్ ఒక పంచ్ వేసి రెండోది వేసేలోపు ఎదురు దెబ్బ పడేది, ఆపైన మళ్లీ పట్టు. అయిదో రౌండులో టైసన్ డొక్కలో ఒకటి, దాని వెనకే అప్పర్‌కట్ ఒకటి దించాడు. ఆ రాత్రి ఆయన వేసిన మంచి జోడీ అదే. హోలీఫీల్డ్ నిలబడ్డాడు. ఆరో రౌండులో ఎడమ హుక్‌కి (పక్కనుంచి తిప్పి కొట్టే పంచ్) టైసనే కింద కూలబడ్డాడు. పదో రౌండు చివర్లో కుడిచేతి దెబ్బకి టైసన్ కాళ్లు తడబడ్డాయి, పదకొండో రౌండు 37వ సెకనులో రెఫరీ మిచ్ హాల్పెర్న్ ఆపేశాడు.

‘అప్పటికి టైసన్ పాత టైసన్ కాదు’ అంటారు, నువ్వూ అన్నావు. నిజమే. కానీ ఆ రోజు టైసన్‌కి 30, హోలీఫీల్డ్‌కి 34. పాత హోలీఫీల్డ్ మాత్రం ఉన్నాడా? ఒకరికి వేసిన తరుగు రెండోవాడికీ వేయి.

చెవి సంగతి రెండు వాక్యాల్లో చాలు. 1997 జూన్ 28న మూడో రౌండులో టైసన్ రెండు చెవులూ కొరికాడు, రెఫరీ మిల్స్ లేన్ అనర్హుణ్ణి చేశాడు, నెవాడా కమిషన్ లైసెన్సు తీసేసి 30 లక్షల డాలర్ల జరిమానా వేసింది. అంతకంటే సాగదీస్తే నువ్వు బాక్సింగ్ రాయడం మానేసి తమాషా రాస్తున్నట్టే.

అలాగని హోలీఫీల్డ్‌ని సాధువుని చేయకు. ఆయన తల కూడా ఒక ఆయుధమే అన్న ఫిర్యాదు టైసన్ ఒక్కడిదే కాదు. 2002లో హసీమ్ రెహమాన్ నుదుటి మీద లేచిన బుడిపె చూస్తే ఎవరికైనా అనుమానం వస్తుంది. 2007లో స్టెరాయిడ్ల దర్యాప్తు వార్తల్లో ఆయన పేరు వచ్చింది, ఆయన ఖండించాడు. రెండూ రాయి, రెండింటినీ ఉన్నంత మేరకే రాయి.

మరి నా తీర్పు? 1986 నుంచి 88 దాకా చూస్తే, ఆ మూడేళ్ల టైసన్ ఎదుట నిలబడే హెవీవెయిట్లు చరిత్ర మొత్తం మీద చాలా తక్కువ, అందులో హోలీఫీల్డ్ ఉన్నాడో లేదో నేను పందెం కాయను. కెరీర్ మొత్తం చూస్తే హోలీఫీల్డే, పెద్ద అనుమానం లేకుండా. బో, ఫోర్‌మన్, హోమ్స్, లూయిస్, టైసన్, ఎవరినీ తప్పించుకోలేదు, ఓడినా మళ్లీ పిలిచి ఆడాడు. వారసత్వం అంటే నాకు రెండోదే. నీకు మొదటిది అనిపిస్తే అదే రాయి, కానీ నీ కొలమానం ఏమిటో మొదటి పేజీలోనే చెప్పి రాయి. మధ్యలో మార్చకు. నీ డ్రాఫ్టులో టైసన్‌ని మూడేళ్లతోనూ హోలీఫీల్డ్‌ని పాతికేళ్లతోనూ కొలిచావు. అందుకే చివర్లో తేలలేదు.

ఒక్కటి మిగిలింది. లెన్నాక్స్ లూయిస్ పేరు నీ వ్యాసంలో ఎక్కడా లేదు. 1999 మార్చిలో హోలీఫీల్డ్ మీద లూయిస్ 348 పంచ్‌లు దించాడు, తిన్నవి 130, అయినా జడ్జీలు డ్రా అన్నారు. నవంబరులో మళ్లీ ఆడి గెలిచాడు. 2002లో మెంఫిస్‌లో టైసన్‌ని ఎనిమిదో రౌండులో పడగొట్టాడు. ఇద్దరినీ ఓడించిన మూడోవాణ్ణి వదిలేసి ఇద్దరి స్థానం ఎలా తేలుస్తావు? రెండో డ్రాఫ్టులో ఆయనకి ఒక పేజీ ఇవ్వు, చోటు చాలకపోతే చెవి పేజీన్నర తీసేశావుగా, అక్కడ సర్దు. రాశాక పంపు, చూస్తాను.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య