కవిత్వానికీ ఆబ్‌స్ట్రాక్ట్ పెయింటింగ్‌కీ నిజంగా సంబంధం ఉందా?

"నిజంగా ఉందా, లేక క్రిటిక్స్ అల్లిన కథా?" అని అడిగారు. ఉంది. నన్నడిగితే, పద్యం నోటికొచ్చినవాళ్ళు ఆబ్‌స్ట్రాక్ట్ బొమ్మ ముందు అస్సలు తడబడరు. ఆబ్‌స్ట్రాక్ట్ అంటే మనిషో చెట్టో అని పోల్చుకోడానికి వీల్లేకుండా, ఉత్త రంగులూ ఆకారాలతో వేసేది.

మా హాల్లో పెయింటర్ ఎస్.హెచ్. రజా బిందువు పెయింటింగ్ ప్రింటొకటి ఫ్రేం కట్టించి పెట్టుకున్నా. మధ్యలో పెద్ద నల్లటి గుండ్రం, చుట్టూ చతురస్రాలు, అంచులకొచ్చేసరికి ఇటుక రంగు, పసుపు. వచ్చినవాళ్ళందరూ "ఇదేంటి?" అనే అడుగుతారు. తెనాలి నుంచి మా పెదనాన్న పెళ్ళికొచ్చి, కాఫీ గ్లాసు పట్టుకుని దాని ముందే నిలబడిపోయారు. రజా చిన్నప్పుడు బళ్ళో కుదురుగా ఉండట్లేదని మాస్టారు గోడ మీద చుక్క పెట్టి దాన్నే చూస్తుండమన్నారట పెదనాన్నా, పెద్దయ్యాక అదే ఇలా బిందువైంది అని చెప్పా. ఊఁ అన్నారు. కాసేపాగి గజేంద్రమోక్షంలోంచి "లోకంబులు లోకేశులు" ఎత్తుకున్నారు, రాగంతో సహా. "పెంజీకటి కవ్వల", అంటే కటిక చీకటికి అవతల, అన్న దగ్గర ఆగి, ఆ నల్ల గుండ్రం చుట్టూ గాల్లో చెయ్యి తిప్పి, మళ్ళీ అక్కణ్ణుంచే అందుకున్నారు. అంతా అయ్యాక "ఆ పసుపు మరీ ఎక్కువైందిరా" అన్నారు. పసుపు సంగతి గ్యాలరీలకి తిరిగే నా ఫ్రెండ్స్‌లో ఒక్కరికీ పట్టలేదు!

మనవాళ్ళని చెడగొట్టింది స్కూలే అని నా గట్టి నమ్మకం. పద్యం కనపడితే చాలు ప్రతిపదార్థం రాయుము, తాత్పర్యం రాయుము. చెవికి ఎలా తగిలిందో ఏ మాస్టారూ అడగలేదు. అలా పెరిగినవాళ్ళు కాన్వాస్ ముందు నిలబడి కూడా తాత్పర్యమే వెతుక్కుంటారు, దొరక్కపోతే ఆర్టిస్ట్ మోసం చేశాడంటారు. గ్యాలరీలు తక్కువేం కాదు, హైదరాబాద్‌లో షో పెట్టి గోడ మీద నోట్ మొత్తం ఇంగ్లిష్‌లోనే, అదీ ఇంగ్లిష్ వచ్చినవాడికి కూడా కొరుకుడు పడని ఇంగ్లిష్. పక్కన ఒక తెలుగు కవిత అతికిస్తే ఏం పోతుంది?

రజా ఆ పని ఏకంగా కాన్వాస్ మీదే చేశారు కదా. 1981లో, ఫ్రాన్స్‌లో ఉంటూ వేసిన 'మా' అనే పెయింటింగ్‌లో అశోక్ వాజ్‌పేయి హిందీ కవితలోంచి ఒక పాదం దేవనాగరిలో రాశారు: అమ్మా, తిరిగొచ్చేటప్పుడు ఏం తెస్తాను అని. 1950లో దేశం వదిలి వెళ్ళిన మనిషి అది రాస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. అమెరికాలో పెయింటర్ రాబర్ట్ మదర్‌వెల్ కూడా అంతే, 1948లో హెరాల్డ్ రోజెన్‌బర్గ్ కవిత పక్కన వేయడానికని నల్ల ఇంకుతో ఒక చిన్న బొమ్మ గీసి, ఆ నల్లటి ఆకారాలనే పట్టుకుని అంతర్యుద్ధంలో కూలిపోయిన స్పెయిన్ రిపబ్లిక్ మీద వందకు పైగా ఎలిజీలు, అంటే శోకగీతాల్లాంటి పెయింటింగ్‌లు, వేశాడు. వాటికి మూలం ఒక కవిత కోసం గీసిన బొమ్మ, ఇందులో క్రిటిక్స్ అల్లిందేం లేదు.

'మా' నెట్‌లో దొరుకుతుంది, ఫోన్‌లో కాకుండా పెద్ద స్క్రీన్ మీద చూడండి, ఫోన్‌లో అక్షరాలు సరిగ్గా ఆనవు.