ఆ అరగంట ఏమైంది?

తమ్ముడూ,

మొన్న మీ బాపు హన్మకొండ వచ్చి నీ కథ ఇచ్చిపోయాడు. రెండుసార్లు చదివాను. రెండోసారి చదివాక రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు. సగం కోపం, సగం ఒకే ఒక్క వాక్యం. ఆ వాక్యం సంగతి తర్వాత చెబుతా, ముందు కోపం సంగతి.

నీ కథలో నలుగురు దోస్తులు నవంబర్‌లో తాడ్వాయి అడవికి విల్లంబులతో దుప్పి వేటకు పోతారు. చీకటి ఉండగానే చెట్టుకు కట్టిన మంచె ఎక్కుతారు. కింద ఎండుటాకు గలగలమంటుంది. ఎనిమిది మొనల కొమ్ములున్న దుప్పి వస్తుంది. 20 గజాల నుంచి బాణం వేస్తారు. మీ బాపును అడిగితే అసలు సంగతి తెలిసింది. ఈ వేట జరిగింది అమెరికాలోని విస్కాన్సిన్‌లోనట. ఆఫీసు దోస్తులతో కలిసి, లైసెన్సు కొనుక్కుని పోయావట. మరి దాన్ని తాడ్వాయి దాకా ఎందుకు మోసుకొచ్చావు?

తాడ్వాయిలో నేను ఆరేళ్లు బడిపంతులుగా పనిచేశాను. నవంబర్‌లో ఆ అడవి ఇంకా పచ్చగానే ఉంటుంది. ఆకు కాలి కింద గలగలలాడాలంటే ఎండలు ముదరాలి. మన చుక్కల దుప్పికి మామూలుగా ఒక్కో కొమ్ముకు మూడు మొనలే. నీ ఎనిమిది మొనలు అక్కడి తెల్లతోక జింకవి. ఇవి దిద్దుకోవచ్చు. దిద్దలేనిది ఇంకొకటి ఉంది. ఆ తాడ్వాయి అడవి ఏటూరునాగారం అభయారణ్యంలోది. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చాక అక్కడ దుప్పిని కొడితే జైలే. నీ నలుగురిలో ఒక్కడికి కూడా గుండె దడదడలాడలేదు. మా బడి పక్కన ఒక కోయ పెద్దాయన ఉండేవాడు. చూరులో వెదురు విల్లు దోపి ఉండేది. వేట మాట ఎత్తితే ముందు వాకిలి వైపు చూసేవాడు, ఆ తర్వాతే గొంతు తగ్గించి మాట్లాడేవాడు. నీ కథలో ఆ చూపు లేదు. జేబులో లైసెన్సు ఉన్నవాడి ధీమా తెచ్చి తాడ్వాయిలో పెడితే అది ఎట్లా అతుకుతుంది?

నువ్వు ఎందుకిట్లా చేశావో నాకు తెలుసు. ఇప్పుడు ఏ కథల పోటీ చూసినా మట్టి వాసన కావాలంటున్నారు. అమెరికాలో ఉన్న పిల్లలు కూడా చిన్నప్పుడు ఒకసారి బస్సులోంచి చూసిన ఊరి గురించి రాస్తున్నారు. నా కాలంలో ఇదే తిరగబడి ఉండేది. 1984లో నేను 'అంబటాళ్లకు బాపు మగ్గం దిగిండు' అని రాసి పంపితే, ఒక సంపాదకుడు దాన్ని 'ఉదయం పది గంటలకు నాన్నగారు మగ్గం దిగారు' అని మార్చి అచ్చు వేశాడు. పత్రిక చేతికి వచ్చిన రోజు దాన్ని మా బాపుకు చూపించలేకపోయాను. నలభై ఏళ్లు దాటినా ఆ మంట ఆరలేదు. అప్పుడు మన మాట వద్దన్నారు, ఇప్పుడు మన మట్టే కావాలంటున్నారు. వాళ్లు నిలబడమన్న చోట నిలబడి రాయకు. నువ్వు ఎక్కడ నిలబడి చూశావో అక్కడి నుంచే రాయి.

ఈ తప్పు నేనూ చేశాను. మా పరకాల వైపు నుంచి చాలామంది పద్మశాలీలు మహారాష్ట్రలోని భివండికి మరమగ్గాల మీద బతకడానికి పోయారు. నేను భివండి చూడకుండానే భివండి కథ రాశాను. అందులో నా నాయకుడు రాత్రి గదిలో ఒంటరిగా చాప మీద పడుకుని ఊరిని తలుచుకుని ఏడుస్తాడు. మా మేనబావ అక్కడ పదేళ్లు చేసినవాడు. చదివి ఒకటే అడిగాడు: "ఒంటరిగా చాప ఎక్కడ దొరికిందిరా వానికి?" ఒక గదిలో పన్నెండు మంది, డే షిఫ్టు వాడు లేస్తే ఆ చాప మీదే నైట్ షిఫ్టు వాడు పడుకుంటాడట. చాప ఎప్పుడూ ఇంకొకడి ఒంటి వేడితోనే ఉంటుందట. ఆ వేడి నాకు తెలియదు. ఆ కథను పొయ్యిలో పెట్టాను.

ఇక ఆ ఒక్క వాక్యం. 'బాణం తగిలాక అరగంట ఎవరం కిందికి దిగలేదు' అని రాశావు. అది చదివినప్పుడు నా ఒళ్లు జలదరించింది. అది నువ్వు నిజంగా కూర్చున్న అరగంట. దెబ్బ తిన్న జంతువు వెనక వెంటనే పడితే అది భయంతో చాలా దూరం పరిగెడుతుంది. వదిలేస్తే దగ్గర్లోనే పడుకుంటుంది. అందుకే ఆగారు. బాణం ఊపిరితిత్తులకు తగిలితే నెత్తురు లేత ఎరుపుగా, నురగతో ఉంటుంది. కాలేయానికి తగిలితే నల్లబడి ఉంటుంది, అప్పుడు గంటలకొద్దీ ఆగాలి. ఎక్కడ తగిలిందో దిగితే తప్ప తెలియదు, దిగకూడదు. మంచె మీద నడుముకు బెల్టు, చేతిలో ఖాళీ విల్లు. ఆ అరగంట నీ చేతులు ఏం చేశాయి? దోస్తులు ఫోన్‌లో మెసేజ్ పెట్టారా? అమ్మ గుర్తొచ్చిందా? ఇవన్నీ వదిలేసి బాణం గాలిలో పోవడం మీద పేజీన్నర రాశావు. బాణం గాలిలో ఉండేది అర సెకను కూడా కాదు. తాడ్వాయికి పోయావు కాబట్టే ఆ అరగంట నీ చేతిలోంచి జారిపోయింది. అక్కడ నువ్వు లేవు, కూర్చోవడానికి నీకు మంచె లేదు.

ఏ పత్రికకు పంపాలని అడిగావు. ముందు కథ రానీ.

విస్కాన్సిన్ అనే రాయి. ఆ చలి, కప్పీలున్న ఆ విల్లు, ఆ దోస్తుల పేర్లు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు రాయి. ఆ ఒక్క అరగంటే నాలుగు పేజీలు రాసి సంక్రాంతి లోపు పంపు. ఇంకొకటి. చివర్లో జింకను కొమ్ములు పట్టి ఈడ్చామని రాశావు. చేతికి ఆ కొమ్ము చల్లగా తగిలిందా, వెచ్చగా తగిలిందా? అది కూడా రాయి.

నీ మంచి కోరే
అన్న