గేటు పడే వేళకు మీరు ఎటువైపు?

మన్ననూరు, వటవర్లపల్లి బడుల్లో పనిచేసి రిటైరైన టీచరమ్మ, నల్లమల ప్రయాణాల గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఇచ్చిన జవాబులు.

*ప్రశ్న: టీచరమ్మ గారికి నమస్కారం. సంక్రాంతి సెలవుల్లో నల్లమల నేషనల్ పార్కు లోపల రెండు రాత్రులు ఉందామని అనుకుంటున్నాం. మా ఆయన, నేను, పదేళ్ల బాబు, ఏడేళ్ల పాప, డెబ్బై రెండేళ్ల మా అత్తమ్మ వస్తున్నాం. అత్తమ్మకు మోకాళ్ల నొప్పులు. మా ఆయన ఫోన్‌లో ఫొటోలు చూసి చెట్టు మీది ఇల్లు బుక్ చేద్దామంటారు. అత్తమ్మేమో శ్రీశైలం సత్రంలో దిగుదాం, మల్లన్న దర్శనం అవుతుంది అంటుంది. నాకు మాత్రం పిల్లలకు నిజమైన అడవి చూపించాలని ఉంది. ఎక్కడ దిగమంటారు? పులి కనిపిస్తుందా?*
*– ఒక సోదరి, మిర్యాలగూడ*

అమ్మా, ముందు ఒక చిన్న మాట. నల్లమల నేషనల్ పార్కు కాదు. తెలంగాణలో నేషనల్ పార్కులు మూడే. కేబీఆర్, మృగవని, వనస్థలిపురం దగ్గరి హరిణ వనస్థలి. మూడూ హైదరాబాద్ చుట్టుపక్కలే. మీరు వచ్చేది అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌కు. 2014లో రాష్ట్రం వేరయ్యే దాకా ఇది నాగార్జునసాగర్-శ్రీశైలం టైగర్ రిజర్వ్‌లో భాగం. పేరులో ఏముంది అనుకోకండి. నేషనల్ పార్కు లోపల మనుషులకు నివాస హక్కులు ఉండవు, పశువులను మేపనివ్వరు. మన అడవి అభయారణ్యం కనుక లోపల ఊళ్లున్నాయి, చెంచుల పెంటలు, అంటే చిన్న గుడిసెల ఊళ్లు ఉన్నాయి, గుళ్లున్నాయి, నడుమ నుంచి శ్రీశైలం రోడ్డు పోతుంది. అందుకే ‘లోపల’ అన్న మాటకు ఇక్కడ ఒక్క అర్థం లేదు. బోర్డు మీద ‘అడవిలో బస’ అని రాసుకున్న ప్రతిదీ అడవిలో ఉండదు.

నేనే ఒకసారి ఆ మాటకు మోసపోయాను. రిటైరైన ఏడాది మా చెల్లెలి కుటుంబాన్ని తీసుకొచ్చి, హైవే దగ్గర్లోని ఒక ప్రైవేటు చోట దిగాను. పేరు చెప్పను. గదులు బాగానే ఉన్నాయి. చీకటి పడగానే ఆవరణంతా ఫ్లడ్ లైట్లు వేశారు, పెద్ద సౌండ్ బాక్సులు పెట్టారు, పన్నెండు దాటినా జనరేటర్ ఆగలేదు. తిన్న విస్తళ్లు వెనక గోడ అవతల పారేస్తే అడవి పందులు వచ్చాయి. మా చెల్లెలి మనవలు గోడెక్కి, అవే అడవి జంతువులని సంబరపడ్డారు. ఇరవై ఏళ్లకు పైగా ఆ అడవిలో ఉన్నదాన్ని, ఆ పిల్లలకు అడవి అంటే ఎంగిలి విస్తరి దగ్గరి పంది అని చూపించానే అని నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అందుకే గది ఎంత బాగుంది అని కాదు, తెల్లారి మీరు ఎటు పోవాలి, రాత్రి ఏం వినబడుతుంది అని చూసి చోటు ఎంచుకోండి.

తెల్లవారి సంగతి చెప్తాను. మన్ననూరు చెక్‌పోస్టు నుంచి అటు దోమలపెంట చెక్‌పోస్టు దాకా రాత్రి తొమ్మిదికి గేటు వేస్తారు, పొద్దున ఆరుకు తీస్తారు. రాత్రిళ్లు బండ్ల కింద పడి జంతువులు చావకూడదని పెట్టిన నియమం ఇది. ఫరహాబాద్ సఫారీ మన్ననూరు వైపు నుంచి మొదలవుతుంది. మీరు శ్రీశైలంలో దిగారనుకోండి, పొద్దున సఫారీ కోసం ఆరింటికి గేటు తీశాక బయలుదేరి, వంకరలు తిరిగే అడవి రోడ్డు మీద దాదాపు అరవై కిలోమీటర్లు మెల్లగా రావాలి. మీరు చేరేసరికి ఎండెక్కుతుంది, దుప్పులు నీడ చూసుకుని పడుకుంటాయి. డబ్బులు పెట్టి ఉత్త చెట్లు చూసి పోయే వాళ్లలో చాలామంది ఇట్లా ఆలస్యంగా వచ్చినవాళ్లే. సఫారీ కావాలంటే ముందు రాత్రి మన్ననూరులో పడుకోవాల్సిందే.

మన్ననూరులో అటవీశాఖ వాళ్లవే కాటేజీలున్నాయి. 2021 నుంచి బస, సఫారీ కలిపి ప్యాకేజీగా ఇస్తున్నారు. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ వెబ్‌సైట్‌లో బుక్ చేసుకోవచ్చు. గదులు కొన్నే కనుక సంక్రాంతికి ఇప్పుడే చూడండి. మీ ఆయన ముచ్చటపడ్డ చెట్టు మీది ఇల్లు నేను వద్దంటాను. అత్తమ్మ గారు రాత్రి రెండు మూడుసార్లు లేస్తారు కదా. మోకాళ్లు నొప్పులున్న మనిషి చీకట్లో మెట్లు దిగి ఎక్కడం ఎందుకమ్మా? నేల మీది కాటేజీ తీసుకోండి. ఫోన్ చేసినప్పుడు బాత్రూం గదిలోనే ఉందా, బయటికి నడవాలా, కుర్చీలా కూర్చునే కమోడ్ ఉందా, వేడినీళ్లు ఎన్ని గంటలకు ఇస్తారు, ఇవన్నీ మొహమాటపడకుండా అడగండి. జనవరిలో మన్ననూరు గుట్ట మీద చలి గట్టిగా ఉంటుంది. మిర్యాలగూడ చలి అనుకుని పల్చటి దుప్పట్లు తెచ్చుకోకండి. రాత్రి భోజనం ముందే చెప్పి పెట్టుకోవాలి, ఎనిమిది దాటాక అడిగితే ఏదీ దొరకదు.

ఇక వినబడే సంగతి. ఇది నాకు అన్నిటికంటే ముఖ్యం.

వటవర్లపల్లి బడిలో పనిచేసేటప్పుడు, ఒక రాత్రి నాలుగో తరగతి చదివే చెంచు పిల్ల నా గది తలుపు తట్టింది. ‘టీచర్, కణితి అరుస్తోంది, బయటికి రాకు’ అంది. కణితి అంటే సాంబర్ దుప్పి. నేను చెవి పెట్టాను. ‘ఢాంక్’ అని ఒక్క అరుపు. కాసేపు ఏమీ లేదు. మళ్లీ ఒక్కటి, ఈసారి కొంచెం దగ్గరగా. కణితి ఊరికే అరవదట, పులినో చిరుతనో పసిగడితేనే నిలబడి ముందుకాలు నేలకేసి కొడుతూ అరుస్తుందట. ఆ తొమ్మిదేళ్ల పిల్ల నాకు పాఠం చెప్పింది. తెల్లారి చేతిపంపు దగ్గర దుమ్ములో అడుగు చూపించింది. నాలుగు వేళ్ల గుర్తులు, వెనక వెడల్పు మెత్త, గోళ్ల గుర్తు లేదు. కుక్క అడుగైతే గోళ్లు పడతాయి, పిల్లి జాతి గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తుంది. ఆ పిల్ల తన అరచెయ్యి పక్కన పెట్టి, ‘ఇంతే ఉంది, చిరుత. పులిదైతే నీ చెయ్యంత ఉంటది’ అంది. ఆ రాత్రి జనరేటర్ మోగుతూ ఉంటే నాకు కణితి వినబడేదే కాదు.

కాబట్టి ఎక్కడ బుక్ చేసినా రాత్రి పాటలు పెడతారా, జనరేటర్ ఎన్నింటికి ఆపుతారు, ఆవరణలో లైట్లు ఆర్పుతారా అని అడగండి. నవ్వితే నవ్వనీయండి. లైట్లు ఆర్పేస్తాం అని చెప్పిన చోటే మంచిది. పిల్లలను తొమ్మిదింటికి వరండాలో పది నిమిషాలు మాట్లాడకుండా కూర్చోబెట్టండి.

పులి సంగతి అడిగారు. కోర్ ఏరియా, అంటే అడవి నడిభాగం ఒక్కటే 2,166 చదరపు కిలోమీటర్లు, చుట్టూ ఉన్న బఫర్‌తో కలిపి 2,611. దేశంలోని పెద్ద టైగర్ రిజర్వ్‌లలో ఇదొకటి. గుట్టలు, లోయలు, వెదురు పొదలు. ఒక్క పొద్దున సఫారీలో పులి కనబడటం అరుదు. కనిపిస్తుందని మాట ఇచ్చే చోట అసలు దిగకండి. చుక్కల దుప్పులు, కొండముచ్చులు, అదృష్టం ఉంటే రేసుకుక్కలు కనబడతాయి. పిల్లలకు కళ్లు నిండుతాయి. ఫరహాబాద్ వ్యూ పాయింట్ దగ్గర నిలబడితే కిందంతా అడవి పరుచుకుని ఉంటుంది. అక్కడ నిజాం కాలపు షికారు బంగళా ఉండేది. వేటకు దిగిన చోటులో మనం ఇప్పుడు చూడటానికి దిగుతున్నాం, అదే నాకు తృప్తి.

ఇంత చెప్పి అత్తమ్మ గారి మాట పక్కన పెట్టను. మీకు రెండు రాత్రులున్నాయి కదా, రెండు చోట్ల ఉండండి. దేవరకొండ, డిండి మీదుగా వచ్చి శ్రీశైలం రోడ్డెక్కండి. దారిలో ఉమామహేశ్వరం చూడండి. శ్రీశైలానికి ఉత్తర ద్వారం అంటారు, అత్తమ్మ గారికి నచ్చుతుంది. మొదటి రాత్రి మన్ననూరు. మరునాడు మబ్బులనే, చీకటుండగానే లేచి సఫారీ. తిన్నాక పగటిపూట నింపాదిగా అడవి దాటండి. వటవర్లపల్లి దగ్గర మల్లెల తీర్థం జలపాతం ఉంది. వందల మెట్లు దిగాలి, మళ్లీ ఎక్కాలి, కనుక మీ ఆయన పిల్లలను తీసుకుని పోతే మీరూ అత్తమ్మా పైన కూర్చోవచ్చు. రెండో రాత్రి శ్రీశైలం, తెల్లవారి దర్శనం. కానీ సంక్రాంతికి అక్కడ బ్రహ్మోత్సవాలు జరుగుతాయి, జనం బాగా వస్తారు. దేవస్థానం గది ముందే తీసుకోకపోతే రాత్రంతా ఒక్కో సత్రం తిరుగుతూ టెన్షన్ పడాలి. గది దొరకకపోతే ఇవతలే ఈగలపెంటలో టూరిజం వాళ్ల హరిత హోటల్ ఉంది. తిరుగు ప్రయాణం మధ్యాహ్నమే పెట్టుకోండి. తొమ్మిదికి గేటు దగ్గర ఆగిపోయి కారులో పిల్లలతో తెల్లవార్లూ కూర్చున్న వాళ్లను నేను చూశాను.

హాజీపూర్ దాటేలోపు పెట్రోలు నింపుకోండి. అడవిలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు, బుకింగ్ కాగితం ప్రింట్ తీసుకోండి. స్టీలు సీసాలు తెచ్చుకోండి, ప్లాస్టిక్ అడవిలోకి తేకూడదు. రోడ్డు పక్క కోతులకు పాప ఎంత మారాం చేసినా అరటిపండు ఇవ్వనీయకండి. ఆ అలవాటుతోనే అవి రోడ్డు మీదికి వచ్చి చక్రాల కింద పడుతున్నాయి.

*ప్రశ్న: మేం నలుగురు స్నేహితులం మహారాష్ట్రలోని తాడోబా పులుల అడవికి పోతున్నాం. గది ముందు బుక్ చేయాలా, సఫారీ ముందా?*
*– వనపర్తి యువకుడు*

సఫారీ ముందు, తమ్మీ. తాడోబాలో పర్మిట్ ఏ గేటుకు ఇస్తే ఆ గేటు నుంచే లోపలికి పోవాలి. మొహర్లీ గేటు చంద్రపూర్ వైపు ఉంటుంది, కోలారా గేటు అవతలి పక్క. ఒక గేటుకు పర్మిట్, ఇంకో గేటు దగ్గర గది అయితే చీకట్లోనే లేచి చాలా దూరం చుట్టి రావాలి. ముందు పర్మిట్ చూసుకుని, ఆ గేటు ఊళ్లోనే గది తీసుకోండి. మంగళవారం పార్కు సెలవు, ఆ రోజు పడకుండా చూసుకోండి. రైల్లో పోతే చంద్రపూర్‌లో గానీ బల్హార్షాలో గానీ దిగొచ్చు కనుక మొహర్లీ మీకు సులువు. వానాకాలం కోర్ మూసేస్తారు. మన అమ్రాబాద్‌లో కూడా జూలై నుంచి సెప్టెంబరు దాకా సఫారీ ఉండదు.

*ప్రశ్న: గదులెందుకు, మన్ననూరు దాటాక రోడ్డు పక్కన టెంట్ వేసుకుంటే కాదా? లేదంటే ఏదైనా చెంచు పెంటలో రాత్రి ఉండనిస్తారా?*
*– కల్వకుర్తి నుంచి ఒక పాఠకుడు*

రెండూ వద్దు. అనుమతి లేకుండా కోర్‌లో రాత్రి ఉండటం నేరం, 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు పెడతారు. చట్టం సంగతి అటుంచండి. మార్చి, ఏప్రిల్‌లో ఇప్పపూలు రాలతాయి, ఎలుగులు వాటి కోసం రాత్రంతా చెట్ల కింద తిరుగుతాయి. ఎలుగు పులిలా తప్పుకుని పోదు, ఎదురుపడితే మీద పడుతుంది. ఇప్పచెట్టు కింద టెంట్ వేశారని దానికి తెలియదు కదా.

పెంట చుట్టాలిల్లు కాదు, హోటలూ కాదు. పది పదిహేను గుడిసెల్లో వాళ్ల పిల్లలు, వాళ్ల పొయ్యిలు, వాళ్ల తేనె బుట్టలు ఉంటాయి. పిలవకుండా కెమెరాలతో వచ్చేవాళ్లను చూసి నా బడి పిల్లలు గుడిసెల వెనక దాక్కునేవారు. వాళ్లకు ఏమైనా చేయాలని మనసులో ఉంటే, మన్ననూరులో చెంచులు తెచ్చిన తేనె అమ్మితే బేరం ఆడకుండా కొనండి. రాత్రికి మన్ననూరులోనో, గేటు పడకముందే ఈగలపెంటలోనో గది చూసుకోండి.