పాత పెంకులు పారేయకండి

ప్రశ్న: మాది పరకాల దగ్గర పల్లె. మా మామయ్య కట్టిన మట్టిగోడల ఇల్లు ఒక పక్క కూలింది. ముందు వసారాకు బెంగుళూరు పెంకులు, లోపల గూనపెంకులు. ఇందిరమ్మ ఇంటికి 5 లక్షలు మంజూరైంది. స్లాబు ఇంట్ల ఎండాకాలం ఎట్లుంటమని అత్తమ్మ దిగులు. తక్కువ ఖర్చులో ఆ చల్లదనం వస్తుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: చాలావరకు వస్తుంది చెల్లె. మీ అత్తమ్మ భయం నిజమే. మట్టిగోడ మందంగా ఉంటుంది కాబట్టి పగటి వేడి లోపలికి చేరేసరికి పొద్దుగూకుతుంది. ఇప్పుడు కట్టే సన్నటి గోడలకు ఆ గుణం లేదు.

గోడలకు ‘ఎలుకబోను కట్టుడు’ అడగండి. కేరళలో స్థిరపడిన ఆర్కిటెక్టు లారీ బేకర్ ఎన్నో ఇళ్లు ఇట్లా కట్టించారు. ఇటుకను పడుకోబెట్టరు, అంచు మీద నిలబెడతారు. రెండు వరుసల నడుమ మూడంగుళాల ఖాళీ మిగులుతుంది. గోడ మందం అదే తొమ్మిదంగుళాలు, ఇటుకలు మాత్రం దాదాపు నాలుగో వంతు ఆదా. ఖాళీలోని గాలి వేడిని అడ్డుకుంటుంది. మూలలు, దర్వాజల పక్కలు, స్లాబు కింది వరుస గట్టిగా నింపాలి. వంకర ఇటుకలతో ఈ పని కుదరదు, బట్టీలో చూసి ఏరుకోండి. మీ మేస్త్రికి అలవాటు లేకపోతే ముందు ప్రహరీ కట్టించి చూడండి.

ఇక మీ బెంగుళూరు పెంకులు. అవి మీకు బంగారం! స్లాబు అడుగు భాగంలో కాంక్రీటు మోసే బరువు తక్కువ, అక్కడ లాగుడును ఆపేది ఇనుమే. అందుకే సలాకల నడుమ గళ్లలో పెంకులు పరిచి పైన కాంక్రీటు పోస్తారు. సిమెంటు తగ్గుతుంది, బరువు తగ్గుతుంది, వేడీ తగ్గుతుంది. మన పాలంపేట రామప్ప గుడి శిఖరానికి నీళ్లలో తేలేంత తేలిక ఇటుకలు వాడిందీ పైబరువు తగ్గించడానికే. పెంకులను ముందు నీళ్లలో నానబెట్టాలి, లేకపోతే కాంక్రీటులోని తడి పీల్చేస్తాయి. గోడల మీద మాత్రం పెంకు రావొద్దు. సలాకల లెక్క ఇంజనీరుతోనే వేయించండి. బిల్లులు ఆగకుండా హౌసింగ్ ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు) పని మొదలుకాకముందే ఈ రెండు పద్ధతులూ చెప్పి ఒప్పించండి.

గూనపెంకులు స్లాబులోకి వద్దు. ముందు వసారాకు దాచండి. పడమటి ఎండ గోడకు తగలకుండా ఆ వసారా ఉండాల్సిందే, మంజూరైన కొలతలో పట్టకపోతే తర్వాతైనా వేసుకోండి. పాత టేకు దర్వాజలు గునపంతో పెకలించనీయకండి. చుట్టూ మట్టి తడిపి వదులు చేస్తే చౌకట్లు పగలకుండా వస్తాయి.